ఫొటో మీద ఊరి గుర్తు ఎవరి కోసం?

కొంతకాలం కిందట నేనొక పొరపాటు చేశాను. అది చెప్పకుండా ఈ విషయంలో మీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

దక్షిణ ఒడిశాలో ఒక చిన్న ఊరు. పేరు రాయను. ఎందుకు రాయలేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది. అక్కడ ఒక సహోదరి ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు పదిహేను ఇరవై మంది కూడి ప్రార్థన చేసుకునేవారు. ఆమెకు భర్త లేడు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. నేను నెలకోసారి వెళ్లేవాణ్ణి. ఒకసారి కూడిక అయ్యాక అందరినీ గుమ్మం ముందు నిలబెట్టి ఫొటో తీశాను. పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు దారి తప్పుతున్నారని, గూగుల్ మ్యాప్స్‌లో ఆ ఇంటి దగ్గర 'ప్రార్థనా మందిరం' అని గుర్తు పెట్టి, ఆ ఫొటో దానికి జత చేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆమెను ఒక్క మాట అడగాలని మాత్రం నాకు తట్టలేదు.

మూడు వారాల తర్వాత ముగ్గురు కుర్రాళ్లు బైకుల మీద వచ్చారు. ఫోన్లో అదే ఫొటో చూపించి, ఇది మందిరమా, ఎవరి అనుమతితో నడుపుతున్నారు, ఇందులో ఉన్నవాళ్లు ఎవరెవరు అని ఆమెను అడిగారు. కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కొక్క ముఖాన్నీ వేళ్లతో పెద్దది చేసి చూశారట, అంతే. ఆ నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయమని యజమాని చెప్పాడు. కూడిక ఆగిపోయింది. నేను ఆ గుర్తు తీయించాను. కానీ ఆ ఫొటో అప్పటికే ఎవరెవరి ఫోన్లలో చేరిందో నాకేం తెలుసు? 1967 నుంచి అమల్లో ఉన్న మత స్వాతంత్ర్య చట్టం గురించీ, 2008 ఆగస్టులో కంధమాల్‌లో జరిగిన దాని గురించీ ఒడిశా విశ్వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. అంతా తెలిసి, అందులోనూ వేదాంతం చదివి, సామాజిక న్యాయం గురించి సభల్లో మాట్లాడే నేనే ఆ పని చేశాను.

ఇది మ్యాపులో చేత్తో పెట్టిన గుర్తు. మనం పెట్టకుండానే పడే గుర్తు ఇంకొకటి ఉంది. ఫోన్ కెమెరాలో 'లొకేషన్' ఆన్‌లో ఉంటే, ఫొటో తీసిన ప్రతిసారీ ఆ చోటి అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం, ఫోన్ మోడల్ అన్నీ ఆ ఫైలు లోపలే నమోదవుతాయి. దీన్ని ఎగ్జిఫ్ అంటారు. ఫొటో మీద కనిపించదు, ఫైలు వివరాలు తెరిస్తే కనిపిస్తుంది. యానాం ఎక్కడుందంటే 16.73, 82.21 అని చెప్పవచ్చు. దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలే ఉంటే కిలోమీటరు అటూ ఇటూగా ఊరు తెలుస్తుంది. ఐదు అంకెలుంటే అది మీటరు లెక్క. ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్ జీపీఎస్ సుమారు ఐదు మీటర్ల తేడాతో చెప్పగలదు. ఇరుకు సందుల్లో ఇంకాస్త తప్పుతుంది. ఎంత తప్పినా వీధి తెలిసిపోతుంది. గుమ్మం ముందు తీసిన ఫొటో అయితే గుమ్మమే తెలిసిపోవచ్చు.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ అంకెలు తొలగిపోతాయి. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపితే ఉండిపోతాయి. ఫొటో స్పష్టంగా రావాలని మన యౌవనస్థులు డాక్యుమెంట్‌గానే పంపుతుంటారు. ఇక మన సంఘాల్లో అందరి ఫోన్లలోనూ కనిపించే ఇంకో ఆప్ ఉంది: జీపీఎస్ మ్యాప్ క్యామెరా. ఫొటో అడుగున చిన్న పటం, పూర్తి చిరునామా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, గంట అన్నీ అచ్చు వేసినట్టు వేస్తుంది. విరాళం ఇచ్చేవాళ్లు అడుగుతున్నారని, రిపోర్టుకు బాగుంటుందని, బియ్యం పంచినా, దుప్పట్లు పంచినా, బాప్తిస్మం ఇచ్చినా దానితోనే తీస్తున్నాం. ఆ అచ్చు ఫొటోలో భాగం అయిపోతుంది. వాట్సాప్ దాన్ని తీయదు, ఫేస్‌బుక్ తీయదు. దుప్పటి అందుకుంటున్న ముసలమ్మ ముఖం, ఆమె వీధి పేరు, ఆ సమయం మూడూ కలిసి ఊరంతా తిరుగుతాయి. వేసవిలో వి.బి.ఎస్. ఫొటోలు చూడండి. చిన్నపిల్లలు, వాళ్ల మెడలో పేరు రాసిన బ్యాడ్జి, అడుగున చిరునామా. ఏ తల్లి ఒప్పుకుంది దీనికి? మనం అడిగామా?

ఇంతవరకు చదివినవాళ్లు, పాస్టర్ గారు లొకేషన్ కట్టేయమంటున్నారు, అంతే కదా అనుకోవచ్చు. అంత తేలికగా చెప్పలేను. చెబితే మన చరిత్రకే ద్రోహం చేసినవాణ్ణవుతాను.

కోలారు బంగారు గనులకు మన తెలుగువాళ్లు తరాల కిందటే వలస వెళ్లారు. గనిలో దిగినవాళ్లు కొందరైతే, గని కాలనీల్లో పొడి మరుగుదొడ్లను చేతులతో ఎత్తినవాళ్లు కొందరు. అలాంటి కుటుంబంలోనే బెజవాడ విల్సన్ పుట్టారు. 1993లో మానవ మలాన్ని ఎత్తించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా కె.జి.ఎఫ్.లో అదే పని జరుగుతోంది. అడిగితే, మా దగ్గర అలాంటివేం లేవన్నారు. విల్సన్ ఏం చేశారు? ఆ దొడ్లనూ, ఆ పనినీ ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు ప్రధానమంత్రికి పంపారు. పత్రికలో కథనం వచ్చింది. 'లేవు' అన్న యాజమాన్యమే ఉన్నాయని ఒప్పుకొని, ఆ దొడ్లు మార్చి, కార్మికులకు వేరే పని ఇవ్వాల్సివచ్చింది. తర్వాత సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం వచ్చింది. నాకు అన్నింటికంటే పెద్దగా కనిపించేది ఆ మొదటి ఫొటోలే. అధికారం 'లేదు' అన్నప్పుడు పేదవాడి చేతిలో ఉన్న జవాబు 'ఇదిగో, ఇక్కడ' అన్న ఒక్క మాటే.

ఆ 'లేదు' ఇంకా పోలేదు. చేతులతో మలం ఎత్తే పని వల్ల మరణాలు లేవని పార్లమెంటులో ప్రభుత్వం చెబుతూనే ఉంది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయేవాళ్లను 'ప్రమాదకర శుభ్రత' అనే వేరే లెక్కలో వేస్తుంది. బెంగళూరు పౌరకార్మికుల్లో, చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారో మీకు తెలుసు. మాస్కు లేకుండా, బెల్టు లేకుండా ఒక మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపుతున్న చోటు మీ కళ్ల ముందు కనిపిస్తే, ఆ ఫొటోకు స్థల గుర్తు ఉండాలి, సమయం ఉండాలి. రేపు కాంట్రాక్టరు 'అది మా వార్డు కాదు' అంటాడు. అంకెలుంటే అలా అనలేడు. దిగినవాడి ముఖం మాత్రం కనబడనీయకండి. ఉద్యోగం పోయేది అతనికే.

శ్మశానాల సంగతి ఇంకా బలమైనది. ఒడిశా పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్, బస్తర్‌లో ఒక పాస్టరు 2025 జనవరి 7న చనిపోయారు. సొంత ఊళ్లో, తమ పెద్దలను పాతిపెట్టిన చోటే సమాధి చేస్తామని కుమారుడు అడిగితే ఊళ్లో వ్యతిరేకించారు. మార్చురీలోనే శవం ఉండగా కేసు సుప్రీంకోర్టుకు చేరింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పి, చివరకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలో క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలో సమాధి చేయమన్నారు. ఆ కుటుంబం వాదన ఏమిటంటే, పంచాయతీ నోటిమాటగా ఆ చోటు క్రైస్తవులకు వదిలిందని. నోటిమాట. మన ఊళ్లలో ఎన్ని సమాధుల తోటలు నోటిమాట మీదే ఉన్నాయి? ఎన్ని దళిత శ్మశానాలకు దారి పక్కవాడి పొలం గట్టు మీద నుంచే ఉంది? ఆ గట్టు దున్నేశాక, దారి ఉండేదని చెప్పడానికి మన దగ్గర ఏముంది? ఇవాళ తీసిన నాలుగు ఫొటోలు, స్థల గుర్తుతో, తేదీతో ఉంటే అవే పట్టా అయిపోవు. కానీ ఏమీ లేనివాడి కంటే ఏదో ఒకటి చేతిలో ఉన్నవాడుగా కలెక్టరు ముందు నిలబడవచ్చు.

వాక్యంలో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు ఒకటుంది. ఆదికాండము 16లో హాగరు పారిపోతుంది. దాసి, విదేశీయురాలు, గర్భవతి. ఎడారిలో దేవుని దూత ఆమెను చూస్తాడు, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడుగుతాడు. ఆమె తనను చూసిన దేవునికి పేరు పెడుతుంది. ఆ బావికీ పేరు వచ్చింది. అక్కడితో వదిలేయకుండా, ఆ బావి కాదేషుకూ బెరెదుకూ మధ్య ఉందని గ్రంథం రాసిపెట్టింది. ఎవరూ లెక్కచేయని ఒక దాసిని దేవుడు చూసిన చోటుకు స్థల గుర్తు! నేను కె.జి.ఎఫ్. ఫొటోల గురించి మాట్లాడినప్పుడల్లా ఆ బావి గుర్తొస్తుంది.

అదే బైబిల్లో మత్తయి 2 కూడా ఉంది. హేరోదు జ్ఞానులను పిలిచి, శిశువు ఎక్కడున్నాడో తెలుసుకొని వచ్చి తనకు చెప్పమంటాడు, తానూ వచ్చి పూజిస్తానంటాడు. వాళ్లకు చోటు తెలుసు. చెప్పలేదు. వేరే దారిన వెళ్లిపోయారు. చూసింది నిజమే, చెప్పకపోవడమూ నీతే. ప్రతి క్రిస్మస్‌కూ ఆ జ్ఞానుల వేషం వేయిస్తాం, వాళ్లు చేసిన ఈ పని మీద మాత్రం ప్రసంగం చేయం. నేనూ చేయలేదు, ఆ శుక్రవారపు కూడిక ఆగిపోయేవరకు.

కనుక నేను అడిగే ప్రశ్న లొకేషన్ ఆన్‌లో ఉండాలా ఆఫ్‌లో ఉండాలా అని కాదు. ఈ చోటు తెలిస్తే ఎవరికి ఇబ్బంది? అన్యాయం చేసేవాడికి ఇబ్బంది అయితే ఉంచండి. బలహీనుడికి ఇబ్బంది అయితే తీసేయండి. రెండూ కలిసి ఉన్నప్పుడు, సాధారణంగా కలిసే ఉంటాయి, నిర్ణయం ఆ బలహీనుడిది. మనది కాదు, విరాళం ఇచ్చినవాళ్లది అసలే కాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పిన తీర్పు, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన కేసులోనే వచ్చింది. ఆ హక్కు చదువుకున్నవాళ్లకే కాదు, దుప్పటి అందుకున్న ముసలమ్మకూ ఉంది.

పేదల ఫొటోలకు స్థల గుర్తు వేయడం మనతో మొదలైన పని కాదు, ప్రభుత్వం ఎప్పటినుంచో చేస్తోంది. ఇల్లు కట్టుకుంటే పునాది దగ్గర ఒక ఫొటో, కప్పు దగ్గర ఒక ఫొటో, అప్పుడే వాయిదా సొమ్ము. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు కూలీలను నిలబెట్టి స్థల గుర్తుతో ఫొటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని కొండ ఊళ్లో రెండో ఫొటో ఎక్కకపోతే ఎండలో చేసిన పనికి కూలి లేదు. పోనీ దొంగతనం ఆగిందా? ఫొటోను ఫొటో తీసి ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర శాఖే ఉత్తర్వులో రాసుకుంది. పేదవాడు కొండెక్కి సిగ్నల్ వెతుక్కోవాలి, కాంట్రాక్టరు టెండరు పని ఎక్కడ చేశాడో మాత్రం ఎవరికీ కనిపించదు. కింది నుంచి పైకి చూపించాల్సిన కెమెరాను పై నుంచి కిందికే తిప్పారు. మన సంఘాలు కూడా దుప్పట్ల ఫొటోలతో అదే చేస్తున్నాయేమోనని నా భయం.

ఇంకొక సున్నితమైన మాట. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్.సి. హోదా ఉంది. క్రీస్తును నమ్మిన దళితుడికి లేదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్.సి. సర్టిఫికెట్ కేసులో సుప్రీంకోర్టు ఆమె బాప్తిస్మాన్నీ, చర్చికి క్రమంగా వెళ్లడాన్నీ పరిగణనలోకి తీసుకొని ఆమె వాదన కొట్టేసింది. యానాం విశ్వాసులకు ఇది పక్కింటి వార్త. తేదీ, గంట, చర్చి చిరునామా అచ్చుపడిన ఆదివారపు ఫొటో రేపు ఎవరి ఫైలులోనైనా ఒక కాగితం కావచ్చు. నేను అబద్ధం ఆడమనడం లేదు. విశ్వాసాన్ని దాచుకోమనీ అనడం లేదు. మతం మారితే అంటరానితనం పోయిందని నమ్మే ఆ ఉత్తర్వే అన్యాయం, దాని మీద పోరాడాలి. కానీ ఆ పోరాటంలో ఎవరు ఎప్పుడు బహిరంగంగా నిలబడాలో ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. అబ్బాయి ఇంజనీరింగ్ సీటును నేను నా ఫేస్‌బుక్ పేజీ కోసం పణం పెట్టకూడదు.

మరి సాక్ష్యం పోకుండా, మనుషులు బయటపడకుండా ఎలా? యిర్మీయా 32లో జవాబు ఉందని నాకు అనిపిస్తుంది. యెరూషలేము ముట్టడిలో ఉండగా యిర్మీయా అనాతోతులో పొలం కొంటాడు. సాక్షులను పెట్టి, ముద్ర వేసిన క్రయపత్రం ఒకటి, ముద్ర లేనిది ఒకటి రాయించి, రెండూ చాలా కాలం చెడకుండా మట్టికుండలో దాయమని బారూకుకు ఇస్తాడు. రెండు ప్రతులు. మనమూ అంతే. ఫోన్లో తీసిన అసలు ఫైలును ఆప్‌లలో దిద్దకుండా, అంకెలతో సహా, ఒక మెమరీ కార్డులోనో హార్డ్ డిస్క్‌లోనో దాచాలి. ఎవరు తీశారు, ఏ ఫోనుతో, ఎందుకు అన్నది నోటుపుస్తకంలో రాయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ నమూనాలో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. అంటే ఫైలు వేలిముద్ర లాంటిది. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన ఫొటోకూ అసలు ఫైలుకూ ఆ వేలిముద్ర కలవదు. రెండో ప్రతి లోకానికి. అందులో అంకెలు తీసేసి, ముఖాలు మసకచేసి, ఊరి పేరు అవసరమైతేనే చెప్పాలి. కొన్నిసార్లు 'రాయగడ జిల్లా' అంటే చాలు, కొన్నిసార్లు 'దక్షిణ ఒడిశా' అంటే చాలు.

మ్యాపుల్లో పని చేయాలనే ఉత్సాహం ఉన్న యౌవనస్థులకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. 2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు. మన వాడలకు దారులు, బోర్లు, అంగన్‌వాడీలు, వర్షాకాలంలో మునిగే వంతెనలు గీయండి. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. కులం పేరుతో ఉన్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఊరివాళ్లు మన వాడను పిలిచే పేరు వేరు, మనం పెట్టుకున్న పేరు వేరు. పటంలో రెండోదే ఎక్కాలి.

ఆ ఒడిశా ఊరికి మొన్న మళ్లీ వెళ్లాను. ఆ సహోదరి ఇప్పుడు వేరే వీధిలో ఉంటోంది. కూడిక ఇంకా మొదలవలేదు. నేను క్షమాపణ చెప్పాను, ఇది రెండోసారి. ఆమె టీ ఇచ్చింది, దాని గురించి మాట్లాడలేదు. ఊరి చివర తోటలో మా కుర్రాళ్లు సమాధుల ఫొటోలు తీస్తున్నారని, పేరు పేరునా కుటుంబాలను అడిగి రాసుకుంటున్నారని చెప్పాను. మీ అమ్మగారిది తీయమంటారా అని అడిగాను. తానే చూపిస్తానని చెప్పులు వేసుకుంది. తోటలో పసుపు పూల చెట్టు కింద సున్నం వెలిసిపోయిన ఒక సిలువ దగ్గర నిలబడింది. కుర్రాడు ఫొటో తీశాక ఫోన్ అడిగి తీసుకుంది.

"అంకెలు పడ్డాయా పాస్టర్ గారూ? సరిగ్గా ఇక్కడే పడ్డాయో లేదో చూడండి. పడకపోతే ఇంకోటి తీయమనండి."

చూశాను. చెట్టు నీడ వల్లనో ఏమో, గుర్తు పక్క పొలంలో పడింది. ఇంకోటి తీశాం.